మలకీ కారులో రేడియో

డ్రమ్‌కీల్‌లో ఎవరైనా పోతే ముందు తెలిసేది మలకీ టైమన్‌కి, ఆ తరవాతే చర్చి ఫాదరుకి అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళికేం గానీ ఆ మాటలో కాస్త గౌరవం కూడా ఉండేది. అది మలకీకీ తెలుసు. తెలుసు కాబట్టే కోపం నటించేవాడు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పాల లారీ తోలేవాడు. ప్రతి ఇంటి సందు చివరా అరుగు మీద పెట్టిన పాల క్యాన్లు ఎత్తుకుని క్రీమరీలో, అంటే వెన్న తీసే పాలకేంద్రంలో, దించి వచ్చేవాడు. ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు ఎవరి మీద అలిగి కూర్చున్నారో, క్యాను బరువు చూసి చెప్పేసేవాడు. తరవాత పెద్ద ట్యాంకర్లు వచ్చాయి, క్యాన్లు పోయాయి, లారీ పాత ఇనుము కిందకి వెళ్ళిపోయింది. అందులోంచి రేడియో ఒక్కటీ ఊడదీసి తెచ్చుకుని తన కారులో తనే బిగించుకున్నాడు. ఒకరి సాయం అడగడమంటే మలకీకి పన్ను పీకించుకున్నంత బాధ.

ఆ జిల్లా రేడియోలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చావు కబుర్లు చదువుతారు. పోయినవాళ్ళ పేరు, ఊరు, చర్చికి ఎప్పుడు తీసుకొస్తారు, పూజ ఎన్నింటికి, ఏ సమాధుల తోట. వార్తలప్పుడు గోలచేసే వాళ్ళు కూడా అప్పుడు నోరు మూసుకుంటారు. గిన్నెలు కడుగుతున్న వాళ్ళు కుళాయి కట్టేస్తారు. అక్కడ పెళ్ళికి వెళ్ళకపోతే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. చావుకి వెళ్ళకపోతే మనవలకి కూడా చెప్పి పోతారు.

మలకీ ఇల్లు పల్లంలో ఉంది. చుట్టూ గుట్టలు అడ్డం కావడంతో ఇంట్లో రేడియో పెడితే గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అందుకని రోజూ మూడు పూటలా కారు వేసుకుని గుట్టెక్కేవాడు. పైన పాత రాతి గని మలుపులో ఆపి, కబుర్లు విని, కిందకి దిగుతూ దారిలో ఉన్న ఇళ్ళన్నిటికీ చెప్పుకుంటూ వచ్చేవాడు. జనం తమ ఇళ్ళలో రేడియో విన్నా సరే, మలకీ చెప్పేదాకా అది ఖాయం కానట్టు ఉండేది. 'ఆయన మొన్న సంతలో కూడా కనిపించాడే!' అని వాళ్ళు ఆశ్చర్యపోతే, మలకీ టోపీ సర్దుకుని ఆ పోయినాయన తాత దగ్గర్నుంచీ మొదలెట్టేవాడు.

సమాధి తవ్వడానికి అక్కడ కూలివాళ్ళని పెట్టరు. ఇరుగుపొరుగు వాళ్ళే తవ్వుతారు. రమ్మని పిలవరు, పిలిస్తే ఇద్దరికీ తలవంపులే. మనసున్నవాడు పార పట్టుకుని వస్తాడు. తవ్వినవాళ్ళే మర్నాడు పూడుస్తారు. మలకీ చెయ్యిపడని సమాధి ఆ తోటలో ముప్ఫై ఏళ్ళుగా లేదంటే అతిశయోక్తి కాదు.

అతని పక్క పొలం ఫెలిమ్ రోడీది. ఇద్దరూ ఒకే బడికి వెళ్ళారు. చలికాలం పొయ్యిల కోసం ఒకే చిత్తడినేలలో పక్కపక్కనే కట్టెల్లా మండే మట్టిగడ్డలు కోసి ఆరబెట్టుకున్నారు. ఫెలిమ్ భార్య పోయినప్పుడు, కూతురు డింప్నాని బళ్ళో దింపింది కూడా మలకీ పాల లారీయే. అలాంటి వాళ్ళ మధ్య కుక్క వచ్చింది. గొర్రెలు ఈనే రోజుల్లో మలకీ కుక్క బ్రాన్ తాడు తెంపుకుని ఫెలిమ్ మందలో పడి గొర్రెపిల్లల్ని చంపింది. ఫెలిమ్ తుపాకీ తెచ్చి కాల్చేశాడు. మంద మీద పడ్డ కుక్కని కాల్చడం అక్కడ తప్పు కాదు. ఆ స్థానంలో తనున్నా అదే పని చేసేవాణ్ణని మలకీకీ తెలుసు. కానీ ఫెలిమ్ ఆ కుక్కని గోనెసంచిలో చుట్టి, మలకీ గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తలుపు కొట్టకపోవడం మలకీకి ఎక్కడో గుచ్చుకుంది. "మొహం మొహం చూసి చెప్పే దమ్ము లేదా వాడికి? పిరికిగొడ్డు!" అని కొట్టు దగ్గర పదిమందిలో అరిచాడు. ఆ మాట ఫెలిమ్ చెవిన పడటానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు.

అంతే, మాటలు బందు. పదేళ్ళు పైనే అయింది. చర్చిలో ఈ వైపు ఒకడు, ఆ వైపు ఒకడు. రోడ్డు మీద ఎదురొచ్చే కారుకి స్టీరింగు మీంచి ఒక వేలెత్తడం ఆ ఊరి పలకరింపు. దారి తప్పి వచ్చిన పరాయివాడికైనా ఎత్తుతారు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఆ వేలు కూడా ఎత్తలేదు. మూర్ఖత్వం కాకపోతే ఏమిటిది అని అడిగే హక్కు ఉన్నవాళ్ళంతా అప్పటికే సమాధుల తోటలో ఉన్నారు, మలకీ తవ్విన గోతుల్లో.

ఆ శరదృతువులో ఫెలిమ్‌ని జిల్లా ఆస్పత్రిలో చేర్చారు. అంబులెన్సు తన గేటు ముందు నించే వెళ్ళడం మలకీ చూశాడు. ఎలా ఉందని ఎవర్నీ అడగలేదు. అడిగితే లోకువ. ఒకరోజు ద్రాక్షపళ్ళ పొట్లం కొనుక్కుని ఆస్పత్రి దాకా వెళ్ళాడు. కారు దిగలేదు. లోపలికి వెళ్ళి ఏమనాలి? కుక్క సంగతి మర్చిపోయానని అనాలా? మర్చిపోలేదే! వెనక్కి వస్తూ ఆ పళ్ళు తనే ఒక్కొక్కటీ తినేశాడు, రుచి కూడా తెలియలేదు.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయం చేసుకున్నాడు. ఫెలిమ్ సమాధి తను తవ్వుతాడు. మాటతో అవసరం లేని పని అదొక్కటే. ఎవరూ పిలవక్కర్లేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మొదటి పార తనదే పడితే చూసినవాళ్ళకి అర్థమవుతుంది, డింప్నాకి అర్థమవుతుంది. ఫెలిమ్‌కి కూడా అర్థమవుతుందని మనసులో ఒక మూల నమ్మాడు. పారకి పదును పెట్టి కారు డిక్కీలో పడేశాడు. ఇంక రేడియో చెప్పడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే రేడియో మొండికేసింది.

మామూలుగా అన్నీ పలికేది. పాటలు పాడేది, గొర్రెల ధరలు చెప్పేది, వర్షం వస్తుందని చెప్పేది. అక్కడ వర్షం వస్తుందని చెప్పడానికి రేడియో అక్కర్లేదు. మలకీ గుట్టెక్కి కారు ఆపి, చావు కబుర్లు మొదలయ్యాక ఒకటో రెండో పేర్లు చదివేసరికి టక్కున ఆగిపోయేది. గురగుర లేదు, గొంతు తగ్గడం లేదు, లోపలి దీపం కూడా ఆరిపోయేది. గుట్ట దిగేటప్పుడు చూస్తే మళ్ళీ హాయిగా పాడుతూ ఉండేది.

మలకీకి ఒళ్ళు మండిపోయింది. ఫ్యూజు మార్చాడు. ఆగిపోయింది. బ్యాటరీ కొసలు గీకి, గ్రీజు రాసి బిగించాడు. ఆగిపోయింది. గుట్ట మీద గాలికి ఏరియల్ ఊగుతోందేమో అనుకుని గడ్డిమోపుల తాడుతో కట్టాడు. ఏరియల్ కదలడం మానేసింది, రేడియో మాత్రం ఆగిపోయింది. చివరికి డ్యాష్‌బోర్డు మీద పిడికిలితో గుద్దితే తన చెయ్యి వాచింది. ఈ లోపల ఎవరైనా పోతే కొట్టు దగ్గర ముందు తనే అడగాల్సి వస్తోంది. అడిగేటప్పుడు కూడా తెలిసినట్టే అడిగేవాడు. రేడియో పాడైందని ఒక్కరికీ చెప్పలేదు. మలకీ టైమన్‌కి చావు కబురు తెలియలేదంటే ఎంత అప్రతిష్ఠ!

ఒక మంగళవారం పొద్దున గుట్ట మీద అదే జరిగింది. "మరణించిన వారి వివరాలు విచారంతో తెలియజేస్తున్నాం" అంది రేడియోలో ఆవిడ. మూడు ఊళ్ళ అవతలి ముసలామె పేరు చదివింది. ఆగిపోయింది. మలకీ బూతులు తిట్టుకుంటూ కారు తిప్పి నేరుగా పట్నంలో గస్ మక్‌వీనీ షెడ్డుకి తోలాడు. కారు రిపేరు కోసం ఒకడి దగ్గరికి వెళ్ళడం అతని జన్మలో అదే మొదలు.

గస్ కుర్రవాడు కాదు గానీ మలకీ ముందు కుర్రవాడే. ట్రాక్టరు కిందనించి తల బయటపెట్టాడు.

"ఏంటి పెద్దాయనా, నువ్వొచ్చావ్? అదీ ఇవాళా?"

"ఏం, ఇవాళ సెలవా నీకు? ఒరే గస్సూ, ఈ దరిద్రపుగొట్టు రేడియో సంగతి తేల్చందే నేనిక్కణ్ణుంచి కదలను."

గస్ ఏదో అనబోయి మానేశాడు. చేతులు తుడుచుకుని కారెక్కి రేడియో పెట్టాడు. ఫిడేలు సంగీతం ఖంగున మోగింది. ఇంజను వేశాడు, ఆపాడు. తలుపులు ధడేలుమని కొట్టాడు. కారుని షెడ్డు చుట్టూ గతుకుల్లో తిప్పాడు. ఫిడేలు ఆగితే ఒట్టు.

"బానే ఉంది కదయ్యా!"

"నీ ముందు నటిస్తోందిరా."

"యజమాని బుద్ధులే వచ్చాయన్నమాట. సరే, ఓ పని చెయ్యి. రోజూ వినేటప్పుడు నువ్వేం చేస్తావో అచ్చం అలాగే చెయ్యి. నేనిక్కడ లేననుకో."

మలకీకి సిగ్గేసింది. అయినా కూర్చున్నాడు. ఇంజను ఆపి తాళం ఒక మెట్టు వెనక్కి తిప్పాడు. టోపీ తీసి పక్క సీటు మీద పెట్టాడు. అద్దం పైకి లేపాడు. సిగరెట్టు వెలిగించాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి హీటరు మీట తిప్పింది. కాళ్ళ దగ్గర ఫ్యాను గిర్రున తిరిగింది, ఫిడేలు చచ్చిపోయింది.

"ఆగు! కట్టెయ్ దాన్ని," అన్నాడు గస్. ఫ్యాను ఆగింది. ఫిడేలు లేచి కూర్చుంది. "మళ్ళీ వెయ్యి." చచ్చిపోయింది.

"నువ్వు దారిలో హీటరు వెయ్యవా?"

"ఇంజను వేడి చాలదా? గుట్ట మీద ఆపాకే కదా చలి!"

గస్ వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు. కాసేపు గొణుగుడు వినిపించింది. తరవాత నవ్వు.

"ఈ రేడియో ఎవడు బిగించాడు?"

"నేనే. ఏం?"

"దీని ఎర్త్ వైరు తీసుకెళ్ళి హీటరు ఎర్త్ వైరుకి మెలిపెట్టావు. ఆ వైరు చివర చిలుముపట్టి పచ్చగా అయిపోయింది. ఫ్యాను తిరిగితే కరెంటు దానికే చాలట్లేదు, ఇంక రేడియోకేం మిగుల్తుంది? విడిగా ఓ వైరు లాగి కారు బాడీ ఇనుముకి బిగిస్తే జన్మలో ఆగదు. కానీ మొత్తం బయటికి తియ్యాలి. ఈ ట్రాక్టరాయన తిట్టకుండా ముందు ఆయన పని చూసి, సాయంత్రానికిస్తా. నీకు... పర్లేదా?"

"ఎంతసేపైనా కూర్చుంటా."

కూర్చున్నాడు. బోర్లించిన డబ్బా మీద, గోడకి ఆనుకుని. రేడియో బల్ల మీద వైర్లు వేలాడేసుకుని పేగులు తీసిన చేపలా పడుంది. షెడ్డులో ఇనుము అరగదీసే సానరాయి గోల. పన్నెండున్నర అయిందని ఎదురుగా గోడ గడియారం చూపిస్తోంది. ఈ పాటికి ఆవిడ పేర్లు చదువుతూ ఉంటుంది. మలకీ మనసు కొంచెం పీకింది. సర్దిచెప్పుకున్నాడు, పైకే.

"పోనీలే, ఒక్క పూటకి మునిగిపోయేదేముంది? ఎవడు పోతే ఏంటి మనకి."

గస్ స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడి అతనికేసి చూశాడు. కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మళ్ళీ ట్రాక్టరు కింద దూరాడు. ఆ తరవాత పని అయ్యేదాకా ఒక్క వేళాకోళం ఆడలేదు. షెడ్డులోకి వచ్చీపోయేవాళ్ళు కూడా మలకీని చూసి, తలూపి, గుమ్మం బయటికెళ్ళి ఏదో మాట్లాడుకున్నారు. రేడియో గెలిచిన ఆనందంలో మలకీ ఇదేమీ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే సమయం మించిపోకముందే తెలిసేది.

సాయంత్రం రేడియో పాడుకుంటూ గుట్టెక్కాడు. మలుపులో ఆపి, ఇంజను కట్టేసి, హీటరు మీట చివరిదాకా తిప్పాడు. కాళ్ళకి వెచ్చగా గాలి కొట్టింది. రేడియో చెక్కుచెదరలేదు. "ఆగవే, ఇప్పుడాగు చూస్తాను!" అని దాన్ని వెక్కిరించాడు కూడా.

ఆవిడ చదవడం మొదలెట్టింది. రెండో పేరే ఫెలిమ్ రోడీ. డ్రమ్‌కీల్. నిన్న ఆస్పత్రిలో. ఇవాళ సాయంత్రం చర్చికి తీసుకొస్తారు. రేపు పూజ అయ్యాక పక్కనే ఉన్న సమాధుల తోటలో ఖననం. ఒక్క ముక్క పోకుండా, గంట కొట్టినట్టు వినిపించింది. తరవాతి పేర్లు కూడా అంతే స్పష్టంగా వినిపించాయి గానీ అప్పటికి మలకీ కారు తిప్పేశాడు.

కారు ఎలా తోలాడో అతనికే తెలియదు. సమాధుల తోట గేటు దగ్గర ఆపి, డిక్కీలోంచి పార లాక్కుని లోపలికి పరిగెత్తాడు. రోడీల వరసలో తాజా మట్టికుప్ప కనిపించింది. గొయ్యి తవ్వడం అయిపోయింది, అంచులు నున్నగా చెక్కారు. ప్యాకీ జో ఒక్కడే మిగిలి గొయ్యి మీద చెక్కలు పరుస్తున్నాడు. చిన్నప్పట్నుంచీ మలకీ పక్కన పార పట్టినవాడు.

"వచ్చావా?" అన్నాడు ప్యాకీ జో తలెత్తకుండా.

"నాకు తెలీదురా. ఇప్పుడే విన్నా. దేవుడి తోడు, ఇప్పుడే."

"నీకు తెలీదు?"

"రేడియో పాడైందిరా ప్యాకీ. హీటరు వేస్తే ఆగిపోతోంది."

ప్యాకీ జో నడుం నిటారు చేసి అతన్ని కిందా మీదా చూశాడు. "హీటరు."

"ఎర్త్ వైరు చిలుముపట్టి..."

"పొద్దున్నించీ గస్ షెడ్డులో కూర్చున్నావటగా. ఎవడు పోతే మనకేంటి అన్నావట. పట్నంలో నలుగురు విన్నారు." అతని గొంతులో కోపం లేదు, అదే మలకీకి భరించరానిదైంది. "మేం ఆగాంరా. మొదటి తట్ట మలకీ తియ్యాలి, వస్తాడు, కుక్క గొడవ ఎంతైనా వస్తాడు అని రెండింటి దాకా చేతులు కట్టుక్కూర్చున్నాం. నీకు చెప్పాలని ఎవడికీ తట్టలేదు. నీకు మేం చెప్పడమేంటి?"

"మరి చెప్పాల్సిందిరా!"

"ఎవరం చెబుతాం?" అన్నాడు ప్యాకీ జో. చివరి చెక్క సర్ది, కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మలకీ పార పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చెయ్యడానికేమీ మిగల్లేదు. అంచు దగ్గర జారిన కాస్త మట్టిని పారతో కుప్పలోకి తోశాడు. అదీ అక్కర్లేని పనే. ఆ సాయంత్రం చర్చికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి చీకట్లో కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి తన మీద తనకి జాలేసింది, ఆ వెంటనే అసహ్యమేసింది.

మర్నాడు ఖననానికి మాత్రం వెళ్ళాడు. వెళ్ళకపోతే జనం అనుకున్నదే నిజమవుతుంది. వర్షం సన్నగా పడుతోంది. పెట్టె దించారు. ఫాదరు ప్రార్థన చదివారు. తవ్విన నలుగురూ కోట్లు విప్పి పూడ్చడం మొదలెట్టారు. అలిసినవాడు పక్కవాడికి పార అందిస్తున్నాడు, వాడు ఇంకొకడికి. మలకీ వాళ్ళకి చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే నిలబడ్డాడు. ఒక్క పార కూడా అతని వైపు రాలేదు. ఎవరూ కసితో చెయ్యలేదు. తవ్వనివాడు పూడ్చడు, అంతే. మట్టి పెట్టె మీద పడే చప్పుడు మొదట గట్టిగా వచ్చింది, తరవాత మెత్తబడింది. అతని చేతులు జేబుల్లో ఊరికే బిగుసుకుంటున్నాయి.

పూడ్చడం అయ్యాక జనం వరస కట్టారు. ఒక్కొక్కరూ డింప్నా దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని, "మీకు పెద్ద కష్టం వచ్చింది" అని కదులుతున్నారు. మలకీ వంతు వచ్చింది. పాల లారీలో పక్కన కూర్చుని బడికెళ్ళిన పిల్ల. ఇప్పుడు జుట్టు నెరిసింది, తండ్రి కళ్ళే.

"మీకు పెద్ద కష్టం వచ్చిందమ్మా," అన్నాడు.

"వచ్చారు, సంతోషం," అంది డింప్నా. అందరికీ అన్నట్టే అంది. తరవాత ఆగలేకపోయింది. "నేను మీకు కబురు చేస్తానన్నాను మలకీ. మొన్న ఆదివారం కూడా అడిగాను. నాన్నే వద్దన్నాడు. 'వాడికి చెప్పక్కర్లేదే పిచ్చిదానా, అందరికంటే ముందు వాడికే తెలుస్తుంది. పార పట్టుకుని వాడే వస్తాడు, చూస్తూ ఉండు. ఆ రోజుతో మా గొడవ తీరిపోతుంది' అన్నాడు. నవ్వాడు కూడా. చివరిసారి నవ్వింది అప్పుడే."

మలకీ నోరు తెరిచాడు. చెప్పాల్సినదంతా గొంతు దాకా వచ్చింది. ఆస్పత్రి గేటు, ద్రాక్షపళ్ళు, డిక్కీలో పార. బయటికి వచ్చింది మాత్రం ఒక్కటే.

"నాకు తెలీలేదమ్మా. నా కారులో రేడియో..."

"విన్నానండీ," అంది డింప్నా చెయ్యి వెనక్కి తీసుకుని, వరసలో తరవాతి మనిషి వైపు తిరుగుతూ. "బాగైందటగా."